సూది మందు ఒంట్లో ఎక్కడికి పోతుంది? ఎలుకల నుంచి మన గొర్రెల దాకా 140 ఏళ్ళ కథ

ఈసారి పోస్టు కొంచెం పొడుగు. టీ తాగుతా నిదానంగా చదవండి. గొర్లు, మేకలు, బర్రెలు ఉన్న ప్రతి ఇంటికీ పనికొచ్చే సంగతే.

గొర్రెకి మెడ మీదో తొడ మీదో సూది వేయిస్తాం. జబ్బేమో ఊపిరితిత్తుల్లో ఉంటుంది, లేకపోతే పొదుగులో, గిట్టలో ఉంటుంది. పొడిచింది ఒకచోట, నయం కావాల్సింది ఇంకోచోట. మందుకి దారి ఎవరు చూపించారు? పోయిన మందు మళ్ళీ బయటికి ఎప్పుడొస్తుంది? మూడో రోజు ఆ గొర్రెని సంతకి తోలితే, కోసుకొని తిన్నోళ్ళ కంచంలోకి ఎంత మందు పోతుంది?

ఉదయగిరి కొండల కింద, ఆత్మకూరు పక్క, సోమశిల జలాశయం చుట్టూ ఉన్న ఊళ్ళలో జీవాలే చాలా ఇళ్ళకి బ్యాంకు. జోడిపి, పల్లా, డోరా అని మనం పిలుచుకునే నెల్లూరు గొర్రెలు దేశమంతా పేరున్నవి. వాటికి వేసే మందు కథ మనకి తెలియకపోతే ఎట్లా? అందుకే మొదటి నుంచి చెప్తాను.

కథ రంగులతో మొదలవుతుంది. 1885లో జర్మనీలో పాల్ ఎర్లిక్ అనే డాక్టరు బతికున్న జంతువులకి రక్తంలోకి రంగు ఎక్కించి, తర్వాత కోసి చూశాడు. ఒళ్ళంతా రంగు పట్టింది. మెదడుకి మాత్రం అంటలేదు! ఒక్కో రంగు ఒంట్లో ఒక్కోచోట కుదురుకుంటుందని కూడా ఆయన గమనించాడు. అక్కడే ఆయనకి ఆలోచన తట్టింది. రంగు ఒకచోటికే పోయి అంటుకుంటున్నప్పుడు, క్రిమికి మాత్రమే అంటుకునే మందు ఎందుకు ఉండకూడదు? ఆ ఆలోచన వెంట పడి, జపాన్ నుంచి వచ్చిన హటా అనే సహచరుడితో కలిసి కుందేళ్ళ మీద పరీక్షలు చేసి, 1910లో సిఫిలిస్ జబ్బుకి సల్వార్సాన్ అనే మందు తెచ్చాడు.

రెండో మెట్టు కూడా రంగుదే. 1932 చివర్లో జర్మనీలోనే గెర్హార్డ్ డోమాక్ ఒక ఎర్ర రంగు మందుని జబ్బు చేసిన ఎలుకలకి ఇచ్చాడు. ఎలుకలు బతికాయి. దాని పేరు ప్రోంటోసిల్. వింత ఏందంటే, అదే మందుని గాజు గొట్టంలో క్రిముల మీద వేస్తే ఏమీ కాలేదు. ఒంట్లో చంపుతుంది, గొట్టంలో చంపదు! 1935లో పారిస్ పాశ్చర్ సంస్థలో ఆ ముడి విప్పారు. ఒంట్లోకి పోయాక ఆ ఎర్ర రంగు ముక్కలవుతుంది, అందులోంచి సల్ఫానిలమైడ్ అనే తెల్ల మందు బయటికొస్తుంది, అసలు పని చేసేది అదే. గొట్టంలో పని చేయని మందు ఒంట్లో చేయొచ్చు. గొట్టంలో బ్రహ్మాండంగా పని చేసింది ఒంట్లో చేయకపోనూవచ్చు. జంతువుల మీద పరీక్ష ఎందుకు తప్పలేదో దీన్ని బట్టి అర్థం చేసుకోండి.

మూడో మెట్టు పెన్సిలిన్. 1928లో ఫ్లెమింగ్ బూజులో దాన్ని చూశాడని మనమందరం బడిలో చదువుకున్నాం. కానీ దాన్ని మందుగా నిలబెట్టింది ఆక్స్‌ఫర్డ్‌లో ఫ్లోరీ, చెయిన్, హీట్లీ. 1940 మే 25న, శనివారం, ఎనిమిది ఎలుకలకి ప్రాణం తీసే స్ట్రెప్టోకాకస్ క్రిములు ఎక్కించారు. నాలుగింటికి పెన్సిలిన్ ఇచ్చారు, నాలుగింటికి ఇవ్వలేదు. హీట్లీ రాత్రంతా కూర్చొని చూశాడు. తెల్లారేసరికి మందు ఇవ్వని నాలుగూ చచ్చిపోయాయి, ఇచ్చిన నాలుగూ బతికున్నాయి.

అందులో అదృష్టం కూడా కలిసొచ్చింది. పెన్సిలిన్ గినీ పందులకి పడదు. వాటి పేగుల్లో ఉండే మంచి క్రిముల్ని చంపి, ప్రాణం మీదికి తెస్తుంది. 1943లో ఆ సంగతి తెలిసింది. మొదటి పరీక్ష ఎలుకల మీద కాకుండా గినీ పందుల మీద చేసి ఉంటే, ఇది విషం అని మూలన పడేసేవాళ్ళేమో. ఒక జీవికి పడింది ఇంకో జీవికి పడుతుందని లేదు. నెమరు వేసే మన జీవాల సంగతీ అంతే. గొర్రె, మేక, బర్రె పొట్టలో గడ్డిని అరిగించేది కోటానుకోట్ల మంచి క్రిములు. మనుషులకిచ్చే యాంటీబయాటిక్ మాత్ర తెచ్చి పెద్ద గొర్రెకి మింగిస్తే ఆ క్రిములు దెబ్బతిని మేత మానేస్తుంది. జబ్బు ఒకటైతే మనం చేసే నష్టం ఇంకొకటి. పెద్ద జీవాలకి డాక్టర్లు సూదికే మొగ్గు చూపడానికి ఇదొక పెద్ద కారణం.

సరే, ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు ఇంకొకటి చూశారు. పెన్సిలిన్ ఎక్కించిన జంతువు మూత్రంలో ఆ మందు చెక్కుచెదరకుండా బయటికొస్తోంది. 1941 ఫిబ్రవరిలో ఆల్బర్ట్ అలెగ్జాండర్ అనే పోలీసు కానిస్టేబుల్‌కి ఇచ్చినప్పుడు మందు చాలక, ఆయన మూత్రంలోంచే పెన్సిలిన్ తీసి మళ్ళీ ఎక్కించారు. ఆయన కోలుకుంటూనే, మందు అయిపోవడంతో మార్చిలో చనిపోయాడు. మూత్రపిండాలు అంత వేగంగా తోడేస్తాయి దాన్ని. ఓటి కుండలో నీళ్ళు నిలబెట్టాలంటే పోస్తూనే ఉండాలి కదా. అందుకే మామూలు పెన్సిలిన్‌ని గంటల లెక్కన మళ్ళీ మళ్ళీ ఇయ్యాల్సి వచ్చేది. తర్వాత దానికి ప్రొకేయిన్ కలిపి, కండలో నిదానంగా కరిగేటట్టు చేశారు. మన పశువుల డాక్టరు సీసా ఊపి ఊపి తీసే తెల్లటి మందు ఉంటుంది చూడండి, ఆ రకందే.

ఇక్కడ హీట్లీ చేసిన ఒక చిన్న ఉపాయం చెప్పాలి. క్రిములు పెంచిన పళ్ళెం మీద చిన్న గొట్టపు ముక్కలు నిలబెట్టి, వాటిలో మందు ఉన్న ద్రవం పోసేవాడు. మందు ఊరి చుట్టూ పాకినంత మేర క్రిములు చచ్చి గుండ్రంగా ఖాళీ వస్తుంది. ఖాళీ ఎంత పెద్దదైతే మందు అంత ఉన్నట్టు. ఈ పద్ధతితో మూత్రం, రక్తం, పాలు, ఆఖరికి నూరిన కాలేయం, కండలో కూడా మందు ఎంతుందో కొలవడం కుదిరింది. ఒంట్లో మందు ప్రయాణాన్ని లెక్కగట్టే శాస్త్రానికి అదే మొదటి తక్కెడ.

ఇప్పుడు మన తెలుగోడి దగ్గరికొద్దాం. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు మద్రాసులో వైద్యం చదివి, 1923లో అమెరికా పోయారు. 1940లో లెడర్లీ కంపెనీలో చేరి అక్కడి పరిశోధనకి పెద్ద అయ్యారు. ఆయన నడిపిన పరిశోధనలో బెంజమిన్ డగ్గర్ అనే పెద్దాయన, రిటైర్ అయ్యే వయసు దాటినాయన, ఊరూరి నుంచి తెప్పించిన మట్టిలో క్రిములు వెతికేవాడు. మిస్సోరి విశ్వవిద్యాలయం వాళ్ళ పొలం మట్టిలో, గడ్డి పెంచే మడిలోంచి, 1945లో బంగారు రంగు క్రిమి ఒకటి దొరికింది. దాని నుంచి వచ్చిన మందే ఆరియోమైసిన్. 1948 జూలైలో లోకానికి చెప్పారు. ఆ ఆగస్టులోనే సుబ్బారావు గారు కన్నుమూశారు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో పెద్దకొడుకు ఆ మందు. మన గొర్లకి వేసే పసుపు రంగు ఆక్సీటెట్రాసైక్లిన్ దాని తమ్ముడే, 1950లో వచ్చింది. పొలం మట్టిలో పుట్టి, తెలుగాయన నడిపిన ప్రయోగశాలలో పెరిగి, తిరిగి మన దొడ్డికే వచ్చిందన్నమాట.

ఈ కుటుంబం ఒంట్లో ఎక్కడికి పోతుందో 1957లో అమెరికాలో మిల్చ్, రాల్, టోబీ అనే ముగ్గురు చూశారు. మందు ఇచ్చిన జంతువుల ఎముకల్ని అతినీలలోహిత దీపం కింద పెడితే పసుప్పచ్చగా మెరిశాయి! మెత్తని కండలోంచి మందు పోయినా ఎముకలో అట్లాగే కూర్చుంది. కారణం సున్నం. టెట్రాసైక్లిన్‌కి కాల్షియం అంటే వల్లమాలిన ప్రేమ. పెరిగే ఎముకలో, పుట్టే పన్నులో కాల్షియం పేరుకునే చోట అదీ చిక్కుకుంటుంది. చిన్నపిల్లలకి, కడుపుతో ఉన్నవాళ్ళకి ఈ మందు వద్దని డాక్టర్లు అనడం ఇందుకే, పళ్ళు గారపట్టినట్టు అవుతాయి. ఇంకో విచిత్రం వినండి. 1980లో ఆఫ్రికాలోని నూబియాలో, దాదాపు 1500 ఏళ్ళ కిందటి మనుషుల ఎముకల్లో ఇదే పసుపు మెరుపు కనబడింది. వాళ్ళు తాగిన ధాన్యపు కల్లులో ఆ క్రిమి పెరిగి ఉంటుందని పండితులు తేల్చారు. ఎముక అంత కాలం దాచుకుంది మందుని.

ఇక ముఖ్యమైన ప్రశ్న. మందు ఒకచోటికి పోయి ఇంకోచోటికి ఎందుకు పోదు? దాన్ని మూడు గోడలుగా చూద్దాం.

మొదటిది మెదడు గోడ. ఎర్లిక్ రంగు ఆగిపోయింది చూడండి, అదే. 1943లో స్ట్రెప్టోమైసిన్ వచ్చింది. ఫెల్డ్‌మన్, హిన్షా అనే ఇద్దరు గినీ పందుల మీద పరీక్షించి క్షయకి పని చేస్తుందని చూపించారు. కానీ క్షయ మెదడు పొరలకి ఎక్కితే కండలో వేసిన సూది చాలలేదు. వెన్నులోకి సూది గుచ్చి మందు పోయాల్సి వచ్చింది.

రెండోది పొదుగు గోడ. డెన్మార్క్‌లో రాస్ముసెన్ అనే శాస్త్రవేత్త 1950ల చివర్లో, 60లలో ఆవులు, మేకల మీద దీన్ని విడమరచి చూశాడు. రక్తం కొంచెం క్షారం, కొలత 7.4. పాలు దానికంటే కొంచెం ఆమ్లం, 6.6 దగ్గర. కణాల పొర కొవ్వుతో చేసింది, విద్యుదావేశం లేని అణువే దాన్ని సులువుగా దాటుతుంది. టైలోసిన్, ఎరిత్రోమైసిన్ లాంటివి క్షారగుణం మందులు. రక్తంలోంచి పాలలోకి దూరాక, అక్కడి ఆమ్లంలో వాటికి ఆవేశం వచ్చి, తిరిగి పోలేక చిక్కుకుపోతాయి. మావులో పడిన చేప లాగా. అందుకే రక్తంలో కంటే పాలలో ఎక్కువ చేరతాయి. పెన్సిలిన్ ఆమ్లగుణం మందు, దానికి ఎదురు, కండలో పొడిస్తే పాలలోకి తక్కువే పోతుంది. పొదుగువాపుకి కొన్ని మందుల్ని నేరుగా చన్ను లోపలికి ఎక్కించడంలో ఉన్న కిటుకు ఇది. ఇంకో చిక్కుంది. పొదుగు వాచినప్పుడు పాలు రక్తం వైపు మొగ్గుతాయి, ఆమ్లం తగ్గుతుంది, లెక్క మారిపోతుంది. జబ్బుగా ఉన్న పొదుగూ బాగున్న పొదుగూ మందుకి ఒకటి కాదు.

మూడోది చీము గోడ. చీము గడ్డ చుట్టూ ఒళ్ళు గట్టి తొడుగు కట్టుకుంటుంది. తొడుగు లోపలికి రక్తనాళం పోదు. రక్తం పోని చోటికి మందు పోదు. అరకొరగా పోయినా, జెంటామైసిన్ లాంటి మందులు గాలి అందని పుల్లటి చీములో నీరసపడతాయి. గొర్రె మెడ కింద, భుజం ముందు ముద్దలాగా గట్టి గడ్డలొస్తాయి కదా, ఎన్ని సూదులేసినా కదలనివి. మందు మంచిది కాదని కంపెనీని తిడతాం. మందుకి దారే లేదు అక్కడికి. డాక్టరు గడ్డ కోసి చీము తీసి కడగడమే మార్గం. కోసిన చీము మందలో పడకుండా కాల్చేయాలి, పాతిపెట్టాలి.

ఇంత వివరం ఎట్లా తెలిసిందంటే, కొలిచే పద్ధతులు మారాయి. మొదట్లో కండని నూరి కొలిచేవాళ్ళు. నూరితే రక్తం, కణం, కణాల మధ్య నీరు అన్నీ కలిసిపోతాయి. ఎక్కువ క్రిములు కాపురముండేది కణాల మధ్య నీటిలో. మొత్తం కలిపిన లెక్క మోసం చేస్తుంది. ఊరి సగటు ఆదాయం చెప్తే పేదోడి ఇల్లు ఎట్లా కనబడదో అట్లా. 1963లో అమెరికాలో ఆర్థర్ గైటన్ చిల్లులున్న చిన్న డొల్లని కుక్కల చర్మం కింద పెట్టి, అందులో ఊరిన నీటి ఒత్తిడిని కొలిచాడు. తర్వాత పశువైద్య శాస్త్రవేత్తలు ఇట్లాంటి చిల్లుల గొట్టాలనే దూడల్లో, గొర్రెల్లో, గుర్రాల్లో పెట్టి, మందు ఎన్ని గంటలకి అక్కడికి చేరింది, ఎన్ని గంటలు ఉంది అని నీళ్ళు తోడి కొలిచారు. ఇన్ని మిల్లీలీటర్లు, ఇన్ని గంటలకోసారి, ఇన్ని రోజులు అని డాక్టరు చెప్పే మాట వెనక ఇట్లాంటి లెక్క ఉంది. రెండు రోజులకే జీవం లేచి మేస్తోందని మూడో సూది మానేస్తే, గోడ అవతల కొన ఊపిరితో ఉన్న క్రిములు తేరుకుంటాయి. అవి తేరుకునేది మందుని ఓర్చుకోవడం నేర్చుకొని.

ఆ ఓర్పు సంగతికే వస్తున్నా. 1948 చివర్లో లెడర్లీలోనే జ్యూక్స్, స్టోక్‌స్టాడ్ అనే ఇద్దరు ఆరియోమైసిన్ తీయగా మిగిలిన పిప్పిని కోడిపిల్లలకి పెట్టారు. విటమిన్ బి12 కోసం పెట్టారు వాళ్ళు. పిల్లలు అనుకున్నదానికంటే జోరుగా పెరిగాయి. పిప్పిలో మిగిలిన మందు ఆ పని చేసిందని 1950లో చెప్పారు. ఇంకేముంది, జబ్బు ఉన్నా లేకపోయినా దాణాలో చిటికెడు మందు కలపడం లోకమంతా పాకింది. 1969లో బ్రిటన్‌లో స్వాన్ కమిటీ ఇది ప్రమాదమని హెచ్చరించింది. 1976లో అమెరికాలో స్టువర్ట్ లెవీ ఒక పొలంలో చేసిన పరీక్షని ప్రచురించాడు. కొన్ని కోళ్ళకి ఆక్సీటెట్రాసైక్లిన్ కలిపిన దాణా, కొన్నిటికి మామూలు దాణా. వారం తిరిగేసరికి మందు తిన్న కోళ్ళ పేగుల్లో మందుకి లొంగని క్రిములు నిండాయి. ఆరు నెలల లోపు ఆ పొలంలో కాపురమున్న మనుషుల పేగుల్లోకీ వచ్చాయి. ఆ మనుషులు ఆ దాణా తినలేదు. మందు కోడికి పోయింది, ఫలితం ఇంటిల్లిపాదికీ వచ్చింది. యూరప్ దేశాలు 2006 జనవరి 1 నుంచి, పెరుగుదల కోసం దాణాలో యాంటీబయాటిక్ కలపడాన్ని పూర్తిగా ఆపేశాయి. మన దేశం 2019 జూలైలో కొలిస్టిన్ అనే మందుని కోళ్ళకి, చేపలకి, పశువులకి వాడకుండా నిషేధించింది. మనుషులకి వేరే ఏదీ పని చేయనప్పుడు ఆసుపత్రిలో ఆఖరిగా ఎక్కించే మందు అది.

మన జిల్లా తూర్పు పక్కకి పోతే రొయ్యల గుంటలు. 2001, 2002 ఆ ప్రాంతంలో ఆసియా దేశాల రొయ్యల్లో క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ మందుల అవశేషాలు దొరికి యూరప్ సరుకులు ఆపింది. నైట్రోఫ్యూరాన్‌ది గమ్మత్తైన సంగతి. అసలు మందు కొన్ని గంటల్లోనే ఒంట్లోంచి మాయం. కానీ దాని ముక్కలు కండలోని ప్రొటీన్‌కి అతుక్కొని వారాల తరబడి ఉంటాయి. ఇప్పుడు పరీక్షల్లో ఆ ముక్కల్నే వెతుకుతున్నారు. మందు ఆపేశాం, ఇక దొరకదు అనుకున్నోళ్ళ లెక్క అక్కడే తప్పుతుంది.

కాబట్టి చివరికి మిగిలే మాట, ఆగాల్సిన రోజులు. మందు వేశాక ఎన్నాళ్ళకి పాలు పోయొచ్చు, ఎన్నాళ్ళకి మాంసానికి అమ్మొచ్చు అనే లెక్క. మన దేశంలో 2012 జనవరిలో మందుల నిబంధనలకి సవరణ తెచ్చారు. పశువుల మందు సీసా మీద ఈ గడువు ముద్రించాలి. ఆ మందుకి గడువు తేల్చి ఉండకపోతే, పాలకి, గుడ్లకి కనీసం 7 రోజులు, కోడి, గొర్రె, మేక మాంసానికి కనీసం 28 రోజులు, చేపలకి 500 డిగ్రీ రోజులు. ఈ డిగ్రీ రోజుల లెక్క ఇట్లా. గుంట నీళ్ళు 28 డిగ్రీలుంటే 500ని 28తో భాగించండి, దాదాపు 18 రోజులు. నీళ్ళు చల్లగా ఉంటే ఇంకా ఎక్కువ రోజులు, చల్లదనంలో చేప ఒళ్ళు మందుని నిదానంగా వదులుతుంది కాబట్టి.

అన్ని భాగాలూ ఒకేసారి ఖాళీ కావు. జెంటామైసిన్ కండలోంచి త్వరగా పోతుంది, మూత్రపిండాల్లో మాత్రం నెలల తరబడి దాక్కుంటుంది. ఎక్కువ రోజులు పని చేసే ఆక్సీటెట్రాసైక్లిన్ అయితే సూది పొడిచిన చోటే మడుగు కట్టి కొంచెం కొంచెంగా కరుగుతుంది. ఆ చోట మాంసంలో మందు ఎక్కువ కాలం ఉంటుంది.

ఇక్కడ మన గుండె మీద చెయ్యేసుకొని మాట్లాడుకోవాలి. జీవం జబ్బు పడితే చాలామంది చేసే పని ఏంది? రెండు సూదులు వేయించి చూసేది, బతికేటట్టు లేదనిపిస్తే పోయేలోపే కసాయికి తోలేది. పేదరికంలో నుంచి వచ్చిన అలవాటు, నేను కాదనను. పది వేల జీవం కళ్ళముందు పోతుంటే ఎవరికైనా చెయ్యి ఊరుకోదు. కానీ ఆ మాంసం తినేది ఎవరు? మన ఊరోళ్ళే, మన చుట్టాలే. సూది వేసిన బర్రె పాలు కేంద్రానికి పోయడం మానేసి, పారబోయడం ఎందుకని ఇంట్లో పిల్లలకి కాచి పోసేవాళ్ళున్నారు. కాస్తే క్రిములు చస్తాయి గానీ, చాలా మందులు ఆ వేడికి చావవు. వాళ్ళ ఒంట్లో క్రిములు ఆ మందుకి అలవాటుపడితే, రేపు వాళ్ళకి జబ్బు చేసినప్పుడు డాక్టరు చేతిలో ఏముంటుంది?

నేను చెప్పేది నాలుగు మాటలు. పారుడు రోగం, నీలి నాలుక, గాలికుంటు లాంటివి వైరస్ జబ్బులు, వాటికి యాంటీబయాటిక్ సూటిగా పని చేయదు. దానికి టీకానే దారి, అది వేళకి వేయించండి. జీవం బరువు కంటితో అంచనా కట్టి మందు తగ్గించకండి, డాక్టరు చెప్పిన మోతాదు, చెప్పినన్ని రోజులు పూర్తిగా వేయించండి. 1962 నెంబరుకి ఫోన్ చేస్తే పశువుల అంబులెన్స్ వస్తుంది, మెడికల్ షాపులో అడిగి మందు తెచ్చుకునే ముందు ఆ ఫోన్ చేయండి. ఇక నాలుగోది, మందు వేసిన రోజున దొడ్డి గోడ మీద బొగ్గుతో రాయండి. ఏ జీవం, ఏ మందు, ఏ తేదీ, ఎన్నాళ్ళు ఆగాలి. రాయడం రాకపోతే ఇంట్లో బడికి పోయే పిల్లల చేత రాయించండి. మందలో గుర్తు కోసం ఆ జీవం కొమ్ముకో మెడకో ఎర్ర గుడ్డ కట్టండి. గడువు తీరిన రోజు విప్పండి.

ఇంట్లో మందు సీసా ఉంటే ఇప్పుడే తీసి దాని మీద గడువు ఎన్ని రోజులు రాసుందో చూడండి. కనబడకపోతే, అర్థం కాకపోతే కింద కామెంట్లో మందు పేరు రాయండి, తెలిసిన డాక్టర్లని అడిగి చెప్తాను.